ముదిమిలో మతి నిలుపుకొనుట
(మన సంఘ మాసాంత సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మెదడు ఆరోగ్యమును గూర్చియు, దానికై మన యూరిలో గల సదుపాయములను గూర్చియు నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యవర్గమువారు మమ్ము కోరినారు. మేము వైద్యులము కాము, వర్తకులము. అయినను ఈ విషయమును వైద్యులకే విడిచిపెట్టరాదని మా యభిప్రాయము. ఏలయన ఈ జబ్బు వైద్యుని గదికి చేరుటకు పూర్వము ఒకటి రెండేండ్లు మన యింటిలోను, మన యంగటిలోను తిరుగాడుచుండును. అక్కడ దానిని ఆనవాలు పట్టవలసినవారము మనమే.

మన వారిలో ఒక కుటుంబము కలదు. పేరు చెప్పము. చిక్కపేట వైపున వస్త్రవ్యాపారము. ఇంటి పెద్దాయనకు డెబ్బది దాటినవి. నలువదియేండ్లుగా గల్లాపెట్టె తాళపుచెవి ఆయన చేతిలోనిదే. ఒక యేడు దీపావళి వెళ్లిన పిమ్మట సాయంకాలపు లెక్కలో రొక్కము తగ్గజొచ్చెను. ఒకనాడు రెండువందలు, మరియొకనాడు వేయి. అన్న తమ్ముని అనుమానించెను, తమ్ముడు గుమాస్తాను అనుమానించెను, కోడండ్ర నడుమ మాట పెరిగెను. ఇరువదియేండ్లు నమ్మకముగా పనిచేసిన గుమాస్తాను మాన్పించిరి. అయినను రొక్కము తగ్గుచునే యుండెను. తండ్రియే రహస్యముగా కూతురింటికి సొమ్ము పంపుచున్నాడని పెద్దవాడు నిశ్చయించుకొనెను. వ్యాపారము రెండు ముక్కలాయెను. ఇది యంతయు జరిగిన యేడాదిన్నరకు పెద్దాయన ప్రతిదినము నడచు త్రోవలోనే దారి తప్పి, చీకటి పడువరకు సిటీ మార్కెట్టు మెట్లపై కూర్చుండిపోగా, అప్పుడు గాని ఆయనను వైద్యునికడకు తీసికొనిపోలేదు. అయిదువందల నోటుకు చిల్లర యిచ్చుటలో ఆయన కొంతకాలముగా తడబడుచుండెనని అప్పుడు తెలియవచ్చినది. దొంగ యెవడును లేడు. గుమాస్తా మరల రాలేదు. అన్నదమ్ములకు నేటికిని మాటలు లేవు.

ఈ వృత్తాంతమును మేము ముందుగా చెప్పుటకు కారణము కలదు. డబ్బు వ్యవహారములో తడబాటు ఈ వ్యాధియొక్క తొలి గుర్తులలో ఒకటి. ఉద్యోగస్థుల యిండ్లలో పెద్దవారు విశ్రాంతి తీసికొందురు గనుక అది కొంతకాలము మరుగుపడి యుండును. మన యిండ్లలో పెద్దవారు ఎనుబదియేండ్లు వచ్చినను గద్దె దిగరు. కావున అంగడి లెక్కపుస్తకమే మనకు మొదటి సాక్షి. చేతివ్రాత మారుట, ఒకే సరకును రెండుమారులు వ్రాయుట, చెల్లించిన బిల్లును మరల చెల్లించుట, పాత ఖాతాదారుని ముఖము చూచి తెల్లబోవుట – ఇవి నెలల తరబడి హెచ్చుచుండినచో వాటిని ముసలితనము క్రింద త్రోసివేయరాదు. తాళపుచెవి యెక్కడ పెట్టితినో జ్ఞప్తికి రాకుండుట వయసుతో వచ్చు మరపు. తాళపుచెవిని చేత పట్టుకొని ఇది యెందులకని చూచుచుండుట వేరు. స్త్రీల విషయమున వంటయిల్లు చెప్పును. చేయి తిరిగిన తల్లి పులుసులో రెండుమారులు ఉప్పు వేయుట, పొయ్యిమీద పాత్ర మాడిపోవుట, అడిగిన ప్రశ్ననే పది నిమిషములకు మరల అడుగుట. కొందరిలో మరపు కంటె ముందుగా స్వభావమే మారును. సౌమ్యుడు కోపిష్ఠి యగును, నమ్మకస్థుడు అందరిని అనుమానించును.

వైద్యులు దీనిని డిమెన్షియా యందురు. ఇది ఒక్క వ్యాధి కాదు, పలు వ్యాధుల వలన కలుగు స్థితి. ఆల్జైమర్ వ్యాధి అందు ముఖ్యమైనది. మెదడులోని రక్తనాళములు చెడుటచేతను ఇట్లే కలుగును. మన దేశమున 60 యేండ్లు దాటినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షల మంది ఈ స్థితిలో ఉందురని 2023లో ప్రకటింపబడిన యొక గణన తెలుపుచున్నది. అయితే మతి తప్పినట్లు కనబడు ప్రతివారికిని కుదరని జబ్బే అని తలంపరాదు. థైరాయిడ్ గ్రంథి మందగించినను, బి12 విటమిన్ కొరవడినను, తీవ్రమైన మనోవ్యాకులత యున్నను, క్రిందపడినపుడు తలలోపల రక్తము గడ్డకట్టినను, మ్రింగు మందులలో ఏదేని పడకపోయినను మతి మందగించును. వీటికి చికిత్స కలదు. మాంసాహారము ముట్టని కుటుంబములు మనలో అనేకములు. బి12 సహజముగా పాలు, గ్రుడ్లు, మాంసము, చేపలవంటి వానిలో మాత్రమే లభించును. పాలు, పెరుగు సయితము తగ్గించిన వృద్ధులకు ఒక రక్తపరీక్ష చేయించిన తప్పు లేదు. కుదురు జబ్బును కుదరనిదానివలె ఇంటిలో దాచిపెట్టుకొని కూర్చుండుట కంటె పెద్ద నష్టము వేరొకటి లేదు.

ఇక ఎక్కడికి పోవలెనను ప్రశ్న. ఈ విషయమున బెంగుళూరులో నివసించు మనము అదృష్టవంతులమని చెప్పవలెను. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ సంస్థను ఎరుగనివారు లేరు. పూర్వపు మైసూరు సంస్థాన కాలపు మానసిక చికిత్సాలయమును, 1954లో వెలసిన అఖిల భారత మానసికారోగ్య సంస్థను కలిపి 1974లో దీనిని ఏర్పరచిరి. 2012 నాటి చట్టముచే ఇది జాతీయ ప్రాముఖ్యము గల సంస్థ అయినది. కాని మన వారికి ఆ పేరు చెప్పగానే ఒక సంకోచము. ‘అక్కడికి పోయినచో నలుగురు ఏమనుకొందురు? పిల్లకు సంబంధములు వచ్చునా?’ అని. ఆ సంస్థ పిచ్చివారికి మాత్రమే యని తలంచుట తాతలనాటి మాట. పక్షవాతము, మూర్ఛ, తలకు దెబ్బ, నరముల బలహీనత, మతిమరపు – వీటన్నిటికిని దేశము నలుమూలల నుండి జనులు రైళ్లెక్కి అక్కడికి వచ్చుచున్నారు. బస్సెక్కి పోగల మనము సంకోచింపనేల?

అంత పెద్ద ఆసుపత్రికి తిన్నగా పోవ జంకువారికి వేరొక మార్గము కలదు. కర్ణాటక ప్రభుత్వమువారు నిమ్హాన్స్ సహాయముతో మెదడు ఆరోగ్య పథకము నొకదానిని 2022లో ప్రారంభించి, ప్రభుత్వ ఆసుపత్రులలో మెదడు ఆరోగ్య క్లినిక్కులను తెరచినారు. ప్రథమమున ఎన్నుకొనిన మూడు తావులు ఏవి యనగా, మన జయనగర జనరల్ ఆసుపత్రి, కోలారు, చిక్కబళ్లాపురము. పిమ్మట ఇతర జిల్లాలకును విస్తరించినారు. ఈ మూడు తావుల పేర్లు వినగానే సభలోని పెద్దల ముఖములు వికసించుట చూచుచున్నాము. మనలో సగము మంది మేనమామలు, వియ్యంకులు చింతామణి, బాగేపల్లి, ముళబాగిలు, శ్రీనివాసపురము ప్రాంతముల వారే గదా. ఊరిలోని ముసలివారిని బెంగుళూరు తీసికొనివచ్చు శ్రమ లేకుండ జిల్లా కేంద్రముననే మొదటి పరీక్ష చేయింపవచ్చును.

ఇంటనుండి కదలలేనివారు, అర్ధరాత్రమున దిక్కు తోచనివారు 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఇది టెలిమానస్ అను ప్రభుత్వ సేవ. 2022 అక్టోబరులో ప్రారంభమైనది. రేయింబవళ్లు పనిచేయును, రుసుము లేదు, తెలుగులోను మాటలాడవచ్చును. వృద్ధుల యితర సమస్యలకు, ఇంటిలో నిరాదరణకు సయితము, 14567 అను సంఖ్య కలదు. ఈ రెండు సంఖ్యలను గోడమీది పంచాంగముపై పెద్ద అక్షరములతో వ్రాసి యుంచుడు. ఫోనులో దాచిన సంఖ్య అవసరమునకు దొరకదు.

ఇప్పుడు మేము ముఖ్యముగా చెప్పదలచిన విషయమునకు వచ్చుచున్నాము. ఇది మన భాషకు సంబంధించినది.

మతిని పరీక్షించుట రక్తమును పరీక్షించుటవంటిది కాదు. అది మాటలతో జరుగు పరీక్ష. వైద్యులు కొన్ని పదములు చెప్పి కొంతసేపటికి వాటిని మరల చెప్పుమందురు. బొమ్మ చూపి పేరడుగుదురు. ఒక నిమిషములో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో లెక్కింతురు. డెబ్బదియయిదేండ్ల మన తల్లి, ఇంటిలో తెలుగు తప్ప ఎరుగనిది, సంతలో బేరమునకు మాత్రము కన్నడము వచ్చినది, ఇంగ్లీషులో అడుగబడిన ప్రశ్నకు బదులు చెప్పలేకపోయినచో అది మతి లోపమా, భాష లోపమా? బడి ముఖము చూడనివారికి కాగితము, కలము ఇచ్చి గడియారము గీయుమనిన ఏమి గీయగలరు? ఈ చిక్కును వైద్యశాస్త్రజ్ఞులే గుర్తించినారు. భారత వైద్య పరిశోధనా మండలి తరఫున హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడము, మలయాళము – ఈ అయిదు భాషలలో మతి పరీక్షలు సిద్ధపరచబడినవి. తెలుగు అందున్నది! కావున మీరు చేయవలసినది, నమోదు సమయముననే వైద్యునితో, ‘మా తల్లి మాతృభాష తెలుగు, ఇన్ని తరగతులు చదివినది, లేక చదువలేదు’ అని స్పష్టముగా చెప్పుట. తెలుగు తెలిసిన పరీక్షకులు ఉన్నారా యని అడుగుట మీ హక్కు. అందులో మొగమాటము పనికిరాదు. వెంట పోయినవారు అనువాదము చేయవలసివచ్చినచో ఉన్నది ఉన్నట్లు చేయవలెను గాని, తల్లికి బదులుగా తామే జవాబు చెప్పరాదు. మన కొడుకులకు ఈ జబ్బు మెండు.

భాషను గూర్చిన రెండవ మాట మరింత సంతోషకరమైనది. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో మతిమరపు క్లినిక్కుకు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరములను డాక్టరు సువర్ణ అల్లాడి గారును, వారి సహచరులును పరిశీలించి 2013లో ప్రకటించినారు. ఆమె తరువాత మన నిమ్హాన్సులో నాడీవైద్య శాఖాచార్యులుగా పనిచేసినారు. ఆ రోగులలో 391 మంది రెండుగాని అంతకు మించిగాని భాషలు మాటలాడువారు. ఒకే భాష ఎరిగినవారి కంటె వీరికి వ్యాధి నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా తలయెత్తినట్లు తేలినది. చదువు వలన కలిగిన లాభమేమో యని శంకింపవచ్చును. కాని చదువు రానివారిలో సయితము ఈ భేదము కనబడినది. రెండు భాషలకు మించి మూడు, నాలుగు వచ్చినందువలన అదనపు లాభము కనబడలేదట. ఆరు భాషలలో బేరమాడు మన పేటవారికి ఇది కొంత నిరాశ కలిగింపవచ్చును! అదే బృందమువారు 2016లో పక్షవాతము వచ్చిన 608 మందిని గూర్చి వ్రాయుచు, పిమ్మట మతి చెడక నిలిచినవారు రెండు భాషలవారిలో నూటికి 40 మంది, ఒక భాషవారిలో నూటికి 20 మందికన్న కొంచెము తక్కువ అని తెలిపినారు.

కారణమేమనగా, రెండు భాషలు గలవాడు నోరు విప్పినప్పుడెల్ల ఒక భాషను ముందుకు తెచ్చి, రెండవదానిని వెనుకకు అణచవలసియుండును. అంగటిలో కూర్చున్న మనము ఒక నిమిషమున కన్నడములో ధర చెప్పి, తెలుగులో కుమారుని కేకవేసి, తమిళములో కూలివానికి పని పురమాయింతుము. మెదడుకు ఇది దినమంతయు జరుగు సాము. ఈ విషయమున అన్ని దేశముల పరిశోధకులును ఏకాభిప్రాయముతో లేరని కూడ చెప్పవలసియున్నది. భాష ఔషధము కాదు. రెండు భాషలవారికి జబ్బు రానే రాదని ఎవరును చెప్పలేదు, ఆలస్యముగా వచ్చునని మాత్రమే. కాని నాలుగున్నరయేండ్లనగా తక్కువ కాలమా? మనుమరాలి పెండ్లి చూచి, అక్షింతలు చల్లి, ఆ పిల్లను పేరుపెట్టి పిలువగల కాలము.

ఇట్టి పరిశోధన మన గుమ్మము ముందు సయితము జరుగుచున్నది. భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలోని మెదడు పరిశోధనా కేంద్రమువారు కోలారు జిల్లా శ్రీనివాసపురము తాలూకా గ్రామములలో 45 యేండ్లు దాటిన పదివేలమందిని ఏండ్ల తరబడి పరీక్షించుచు, వారి మతి ఎట్లు మారుచున్నదో కనుగొను కార్యము చేపట్టినారు. ఆ తాలూకాలో ఇంట తెలుగు, కచేరీలో కన్నడము మాటలాడు జనమే మెండని వేరుగ చెప్పనక్కరలేదు. మన బంధువులను ఈ పరిశోధనకు పిలిచినచో అనుమానపడక సహకరింపుమని చెప్పుడు. మామిడితోటలవారి మెదడులను గూర్చి ఇంత శ్రద్ధ గల పరిశోధన మన దేశమున మునుపు అరుదు.

అయితే సభ్యులారా, ఒక లెక్క చూడుడు. మన తాతలు తెలుగుతోపాటు కన్నడము నేర్చిరి. మనము రెండును నిలుపుకొంటిమి. మన పిల్లలు? ఇంటిలో ఇంగ్లీషు, వీథిలో ఇంగ్లీషు, ఫోనులో ఇంగ్లీషు. మల్లేశ్వరములోని యొక యింటిలో అవ్వ తెలుగులో అడుగుచుండగా మనుమడు కోడలివంక తిరిగి, ఆమె ఏమనుచున్నదని అడుగుట మేము విన్నాము. పిల్లవాడు పోగొట్టుకొన్నది అటుండనిండు. అవ్వ సంగతి ఆలోచింపుడు. ఈ వ్యాధి ముదిరినపుడు పెక్కుమందిలో తరువాత నేర్చిన భాషలు ముందుగా సడలి, పుట్టుభాష కడవరకు నిలుచును. నలువదియేండ్లు చక్కని కన్నడము మాటలాడిన మనిషి తుదకు తెలుగులోనే నీళ్లడుగును. దాహమనునో, కడుపునొప్పి యనునో ఇంటనున్నవారికే తెలియనిచో, నియమించిన నర్సుకు ఎట్లు తెలియును? పిల్లలకు తెలుగు నేర్పుటను సంస్కృతి పేరిట మన సభలలో ఏటేట తీర్మానించుచున్నాము. ఇది సంస్కృతికి మించిన యవసరము. రేపు మన మాట ఎవరికి తెలియవలెనో వారికి నేడు నేర్పుట. కన్నడమును తగ్గింపుమని మా మాటకు అర్థము కాదు. అది మనకు అన్నము పెట్టిన భాష. రెండును ఉండవలెను.

శరీరమును గూర్చి మీరెరిగినదే గావున క్లుప్తముగా ముగింతుము. లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణులు 2024లో పదునాలుగు కారణములను పేర్కొని, వాటిని అదుపులో నుంచగలిగినచో లోకమున డిమెన్షియాలో సుమారు నూటికి 45 పాళ్లు తప్పింపనో, వెనుకకు నెట్టనో వీలగునని తెలిపినారు. రక్తపుపోటు, చక్కెరవ్యాధి, చెడు కొలెస్టరాలు, పొగ, మద్యము, కదలక కూర్చుండుట, తలకు దెబ్బ, ఏకాంతవాసము ఇందు చేరినవి. గద్దెమీద పది గంటలు కూర్చుండు వృత్తి మనది. లాల్‌బాగ్ తోట పక్కనే యున్నది. దినమునకు అరగంట, వారమునకు అయిదు దినములు నడచిన చాలును. ప్రపంచారోగ్య సంస్థ లెక్కలో మనిషికి దినమునకు 5 గ్రాముల లోపు ఉప్పు. అనగా ఒక చిన్న చెంచాడు. ఆవకాయ, అప్పడము, వడియములు పెట్టుకొని ఈ లెక్క ఎట్లు నిలుచునో ఇల్లాండ్రే చెప్పవలెను. చెవుడును ఆ పట్టికలో కలదు. వినబడనివాడు మెల్లగా మాట మానును, మాట మానినవాని మతి మందగించును. కండ్లద్దములు పెట్టుకొనుటకు సిగ్గుపడని మనము చెవి యంత్రమునకు ఎందులకు సిగ్గుపడవలెనో తెలియదు.

పక్షవాతమును గూర్చి మాత్రము ఒక మాట గట్టిగా చెప్పవలెను. మూతి ఒక ప్రక్కకు వంకర పోయినను, ఒక చేయి పైకి లేవకున్నను, మాట ముద్దగా వచ్చినను ఆ క్షణమే 108కి ఫోను చేసి పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. రక్తపుగడ్డను కరిగించు మందు సామాన్యముగా నాలుగున్నర గంటల లోపుననే ఇయ్యవలెను. నూనె మర్దనకును, దిష్టి తీయుటకును ఆ గంటలను ఖర్చు చేయరాదు. లక్షణములు మొదలైన గడియను వ్రాసి యుంచుకొనుడు, వైద్యులు మొదట అడుగునది అదే.

చివరగా, వర్తకులమైన మనకు చెందిన వ్యవహారపు మాట. మతి స్థిరముగా నున్నవాడు వ్రాసిన వీలునామాయే చెల్లును. 1925 నాటి వారసత్వ చట్టము అట్లు చెప్పుచున్నది. ‘నాన్నగారు జి.పి.ఏ. వ్రాసియిచ్చినారు, ఇక భయము లేదు’ అని పలువురు అనుకొనుచున్నారు. కాంట్రాక్టు చట్టము ప్రకారము, వ్రాసి యిచ్చినవాని మతి తప్పినచో ఆ అధికారము సామాన్యముగా అంతటితో ముగియును. ఏ దినమున దాని యవసరము కలుగునో ఆ దినముననే అది పనికిరాకపోవును. కావున వ్యాపార భాగములు, బ్యాంకు నామినేషన్లు, ఇంటిపత్రములు, వీలునామా – ఇవి యన్నియు పెద్దలు నిండు తెలివితో నున్నప్పుడే, వారి యిష్టప్రకారము, వకీలు సమక్షమున చక్కపరచుకొనవలెను. ఇది పెద్దల చావు కోరుట కాదు. చిక్కపేట కుటుంబములో ఈ యేర్పాటు ముందుగా జరిగియున్నచో, వ్యాపారము విడిపోయినను మనసులు అంతగా విరిగియుండవు.

కార్యవర్గమువారితో సంప్రదించి రెండు పనులు మొదలిడ నిశ్చయించితిమి. ఒకటి, ఆసుపత్రికి పోవు తెలుగు వృద్ధుల వెంట నడచి, మాట సాయము చేయగల పదిమంది స్వచ్ఛంద సేవకుల పట్టిక. తెలుగు, కన్నడము రెండును తడుముకొనక మాటలాడువారు కావలెను. యువకులు, విశ్రాంత ఉపాధ్యాయులు ఎవరైనను సరియే. రెండవది, మన యువజనులను నిమ్హాన్సులోని మెదడు ప్రదర్శనశాలకు తీసికొనిపోవుట. ఆ సంస్థలో 1995లో మెదడుల భాండాగారమును డాక్టరు ఎస్.కె. శంకర్ గారు నెలకొల్పినారు. అక్కడి ప్రదర్శనశాలలో మానవుని మెదడును కన్నులార చూడవచ్చును. ఇంత చిన్న వస్తువులో ఇంత సంసారము ఇమిడియున్నదా యని పిల్లలు ఆశ్చర్యపడవలెను. ఆ సంస్థవారితో దినము స్థిరపరచుకొని ఈ పత్రికలో ప్రకటింతుము. రెండు పనులకును పేర్లను కార్యదర్శిగారి వద్దనున్న పుస్తకములో ఈ సాయంకాలమే వ్రాయింపవచ్చును. పుస్తకము ద్వారము ప్రక్కనున్న బల్లపై నుంచబడినది.